పడవలో ఒకే నోరు

గాలి నింపిన పడవ అంచును ఊలీపికా రెండు అరచేతులతో తడుముతూ ముక్కు నుంచి వెనక్కి నడిచింది. చలికి గాలి తగ్గిన చోట రబ్బరు కాస్త లోపలికి పోతుంది. అక్కడ బొటనవేలితో నొక్కి చూసి, పంపు పెట్టమని సైమనీకి తలతో సైగ చేసింది. ఒకప్పుడు ఈ పని కళ్లతోనే చేసేది. ఈ వేసవిలో చేతులతో మొదలుపెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

పొట్టి మనిషి, వెడల్పయిన భుజాలు. చెంపల మీద పాత మంచుకాటు మచ్చలు, కాలిన రొట్టె మీద చుక్కల్లా. చలికాలమంతా బడి వంటగదిలో గంజి కలుపుతుంది. పిల్లలు ఆమెను గంజి మామ్మ అంటారు. సముద్రం మీది మంచు విరిగి, ఎర్ర పడవ నీళ్లలోకి దిగిన రోజు నుంచి మాత్రం రేడియోలో ఆమె పేరు నాయకురాలు. మళ్లీ మంచు పేరుకునే వేళకు పడవ ఒడ్డెక్కుతుంది, దాంతోపాటు ఆ పేరూ ఒడ్డెక్కుతుంది. ఇన్నేళ్లుగా ఇదే వరస. దాన్ని గొప్ప అనిగానీ తక్కువ అనిగానీ ఆమె ఎన్నడూ అనుకోలేదు.

నీళ్లలో చిక్కుకున్నవాళ్లను ఒడ్డుకు తెచ్చే ఆ రక్షణ బృందంలో ఉన్నది ముగ్గురే. ఇంజను చూసే సైమనీ ఆమె మరిది. మాటకారి, పని మాత్రం మాటకంటే ముందుంటుంది. తాళ్లు, గాయాల కట్లు చూసేది ఆలాషువా. ముప్పై దాటిన పొడుగాటి మనిషి, మాట తక్కువ. నాలుగు వేసవుల కిందట ఆమె చేరిన రోజున ఊలీపికా ఒకే ఒక్క నియమం చెప్పింది. ఒడ్డున ఎన్ని నోళ్లైనా ఉండొచ్చు, పడవలో ఒకే నోరు ఉండాలి. పది మంది పది దిక్కులు చెబితే పడవ రాయెక్కుతుంది. ఆలాషువా కనుబొమలు ఎగరేసింది, సరేనని. అప్పటి నుంచి ఆ మాట దాటలేదు.

ఆ ఉదయం సముద్రం బాగా వెనక్కి పోయింది. పెద్ద పాటు. రేవు అడుగున బురద, నాచు, ఎప్పుడో పోయిన ఒక బూటు బయటపడ్డాయి. ఊళ్లో సగం మంది ఆల్చిప్పలు తవ్వుకోవడానికి తిప్పల మీదికి పోయారు. ముగ్గురూ రేవు గదిలో కూర్చుని, పెనం మీద కాల్చిన రొట్టెను టీలో ముంచుకుని తింటున్నారు. గాలి లేదు. సముద్రం మీద పల్చటి పొగమంచు పాలమీగడలా కదలకుండా నిలబడి ఉంది.

పాటు అయిపోయి పోటు మొదలైన కాసేపటికి రేడియో పలికింది. చేపల వలలు చూడబోయిన ఒకాయన, ఖాళీ పడవ కొట్టుకుపోతుంటే పట్టుకున్నానన్నాడు. అందులో బకెట్టు నిండా ఆల్చిప్పలు, తెగిన లంగరు తాడు. మనిషి లేడు. పడవ, పొద్దున్నే తిప్పల మీదికి పోయిన అకీషూదట.

అకీషూ భార్య కూడా ఇంట్లోంచి ఆ మాట విన్నది. ఊళ్లో రేడియో లేని ఇల్లు లేదు. ఆమె ఏడవలేదు. ఆయన ఎర్ర టోపీ పెట్టుకోలేదని, నల్లది పెట్టుకుపోయాడని మాత్రం చెప్పింది. ఆ తర్వాత రేడియోలో ఎవరూ మాట్లాడలేదు. రక్షణ పడవ మాటలకు దారి వదిలారు.

పడవ రేవు దాటేలోపే ఊలీపికా లెక్క తేల్చుకుంది. అకీషూ తవ్వేది లోపలి తిప్ప మీదో బయటి తిప్ప మీదో. పోటు తోసుకొస్తుంటే ఖాళీ పడవ వలల దగ్గరికి చేరిందంటే అది బయటి తిప్ప నుంచే రావాలి. ఆ తిప్ప పాటులో ఊరంత ఉంటుంది. నిండు పోటులో దాని మీద మనిషి నిలబడితే టోపీ తేలుతుంది. ఆ నీళ్లలో ఈత వచ్చినా రాకపోయినా ఒకటే. సైమనీ ఏమీ అడక్కుండా ఇంజను వేగం పెంచాడు.

తిప్ప దగ్గరకు వచ్చేసరికి అంతా తెలుపు. నీటి తెలుపు, మంచు తెలుపు, వాటి మధ్య ఊలీపికా కళ్లలోని తెలుపు. ఏడాదిగా కుడికంట్లో పొర పెరుగుతోంది. ఎడమకన్ను దాని దారినే పోతోంది. ఎండలో ఇబ్బంది లేదు. సముద్రాన్ని ఆమె కళ్లతో కంటే నడుముతోనే ఎక్కువ చూసేది. అల రాయి మీద ఎలా విరుగుతుందో పడవ అడుగు నుంచే తెలిసేది. అది చాలనుకుంది. ఇంకో వేసవి నెట్టుకురావొచ్చనుకుంది.

తిప్పలో చాలా భాగం మునిగిపోయింది. ఊలీపికా వేగం తగ్గించమని సైగ చేసి, చెవి పెట్టి విన్నది. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. కళ్లు చిట్లించి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

"ఇక్కడ లేడు. అవతలి అంచు చూద్దాం," అంది. చక్రం తిప్పింది.

పడవ వెనుదిరిగింది. ఇంజను మళ్లీ అందుకుంది. ఆలాషువా తాడు పట్టుకుని నిలబడే ఉంది, మెడ మాత్రం వెనక్కి తిరిగి ఉంది. ఒకసారి నోరు తెరిచి మూసుకుంది. పడవ ఇంకా ముందుకు పోయింది. అప్పుడు ఆలాషువా చేయి చాచి ఊలీపికా భుజం పట్టుకుంది.

"అత్తా, ఆపు. వెనకాల ఉన్నాడు. ఆ నల్లటి తల సీల్‌ది కాదు, మనిషిది."

వెనక్కి వెళ్లేసరికి అకీషూకి నీళ్లు చంకల దాకా వచ్చాయి. ఆల్చిప్పలు తవ్వే గడ్డపారను రాతి చీలికలో గుచ్చి, దాన్ని రెండు చేతులతో వాటేసుకుని నిలబడ్డాడు. అరవడానికి గొంతు లేదు. నల్ల టోపీ, నల్ల చొక్కా. ఆలాషువా పక్కకు వంగి అతని నడుముకు తాడు వేసింది. సైమనీ మెడపట్టీ దొరకబుచ్చుకున్నాడు. గడ్డపార మీది నుంచి వేళ్లు ఒక్కొక్కటీ ఊడదీయాల్సి వచ్చింది. ఇంతలో అల పడవను రాతి మీదికి నెట్టబోయింది. ఊలీపికా చక్రాన్ని వేలెడు అటు, వేలెడు ఇటు తిప్పుతూ పడవను ఉన్నచోటే ఆపింది. ఆ పనికి ఆమెకు కళ్లు అక్కర్లేదు.

తడిబట్టలు కోసి తీసి, దుప్పటి సంచిలో పెట్టి, చక్కెర కలిపిన టీ చుక్క చుక్క పోశాక అకీషూ దవడలు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. అది మంచి గుర్తు. ఊరు కనుచూపులోకి వచ్చాక అతను మాట్లాడాడు.

"మీరు వచ్చారు. నన్ను చూసినట్టే వచ్చారు. తర్వాత పడవ వీపు కనబడింది."

సైమనీ దుప్పటి సంచి అంచును అతని మెడ దాకా లాగాడు.

"అప్పుడే గడ్డపార వదిలేద్దామనిపించింది," అన్నాడు అకీషూ. అందులో నిందేమీ లేదు. నీళ్లు చల్లగా ఉన్నాయన్నట్టే చెప్పాడు.

"నాకు నువ్వు కనబడలేదు," అంది ఊలీపికా.

"అంత దగ్గర్లోనా?"

"అంత దగ్గర్లోనే."

సైమనీ అందుకుని, ఆ పొగమంచులో ఎవరికైనా అంతేనన్నాడు. ఊలీపికా ముక్కు ముడిచింది, కాదని.

నర్సు వచ్చి అకీషూని బండెక్కించుకుపోయింది. వెనకాలే అతని భార్య, వదినలు, ఊళ్లో సగం మంది. రేవు ఖాళీ అయ్యాక ఊలీపికా మామూలుగానే తాళ్లు చుట్టింది, తడి గుడ్డలు వేరు చేసింది, సంచిని తిరగేసి ఆరేసింది. అప్పుడు ఆలాషువాను పిలిచింది.

"నేను తిప్పాక చూశావా, ముందే చూశావా?"

ఆలాషువా నేల చూసింది. "ముందే."

"మరి చెప్పలేదేం?"

"ఒకటే నోరన్నావు కదా అత్తా. నీకూ కనబడే ఉంటుంది, ఇంకేదో ఆలోచనతో తిప్పావనుకున్నా."

ఊలీపికా చాలాసేపు తాడు కొసను వేళ్ల మధ్య నలిపింది.

"మాట తప్పు కాదు," అంది చివరికి. "నోరు మార్చాలి."

సైమనీ ఒప్పుకోలేదు. వదినకు కళ్లు సరిగా లేవని అతనికి వేసవి మొదట్లోనే తెలుసు. నెల తిరిగితే పడవ ఎలాగూ ఒడ్డెక్కుతుంది, అప్పటిదాకా తను ముందు కూర్చుని చూసి చెబుతానన్నాడు, ఆమె తిప్పితే చాలన్నాడు. ఎక్కడో దక్షిణాన నగరంలో, ఈ రక్షణ పడవలను చూసే ఆఫీసులో కూర్చున్నవాళ్లకు ఇదంతా చెప్పాల్సిన పని లేదన్నాడు. అతను చెప్పిన తీరు బాగానే ఉంది. ఆమెకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది.

"చూసేదొకరు, తిప్పేదొకరు అయితే మధ్యలో నీళ్లు ఆగవు సైమనీ," అని ఫోను అందుకుంది.

ఆఫీసు భాష ఆమెకు పొడిపొడిగా వచ్చు. కళ్లు చెడిపోయాయని, ఇవాళ మనిషి పోవాల్సిందని, ఆలాషువాకు పడవ నడిపే పరీక్ష ప్యాసైన పత్రం ఉందని మూడు ముక్కల్లో చెప్పింది. అవతలి మనిషి మంచివాడే. ఈ కాలం ముగిసేదాకా ఉండమన్నాడు. ఉండనంది. ఆపరేషన్ చేయిస్తే పొర పోతుందని, వచ్చే ఏడు మళ్లీ రావొచ్చనీ అన్నాడు. చూద్దాం అంది. ఈ వయసులో వచ్చే ఏడాది సంగతి ఎవరైనా అంతకుమించి చెప్పరు.

ఇంటికి వచ్చేసరికి బల్ల మీద గిన్నెడు ఉడికించిన ఆల్చిప్పలు ఉన్నాయి. అకీషూ ఇంటి నుంచి పంపారు, అతని బకెట్లోవే. మొగుడు పౌలూసీ రాతిబొమ్మలు చెక్కి చెక్కి బట్టల నిండా పొడితో కూర్చున్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. తింటూ జరిగింది చెప్పింది.

"తోలు బూట్లు కుట్టుకునే సూదులు పొద్దున లేచేసరికి దారమెక్కి ఉంటున్నాయి," అంది ఆమె, ఆఖరి చిప్ప తెరుస్తూ. "నువ్వేనని నాకు తెలుసు."

"నీకు తెలుసని నాకూ తెలుసు," అన్నాడు పౌలూసీ. లేచి టీ పోశాడు.

మర్నాడు ఇంజను చెడిన పడవ ఒకటి వాగు మొగలో ఆగిపోయిందని పిలుపొచ్చింది. ఆలాషువా చక్రం ముందు కూర్చోబోతే మోకాళ్లు చక్రానికి, తల పైకప్పుకు తగిలాయి. సీటు మీద సీల్ తోలుతో కుట్టిన మందపాటి దిండు ఉంది. పొట్టి మనిషి అద్దంలోంచి బయటికి చూడాలంటే అది కావాలి. తనేం చేయాలో తెలియక సైమనీ వైపు చూసింది. సైమనీ ఇంజను వైపు చూశాడు. ఆమె దిండు తీసి రేవు గట్టు మీద పెట్టింది, కూర్చుంది, పడవ నడిపించుకుపోయింది.

గట్టు మీద దిండు బొచ్చు వైపు పైకి ఉంది. బొచ్చు నడిమధ్య అరిగిపోయి తోలు కనబడుతోంది, చుట్టూ ఉన్న వెండి వెంట్రుకలు గాలి ఎటు వీస్తే అటు వాలుతున్నాయి.