వాకిళ్ల మైల

“మీకు మైల ఎన్నాళ్లండీ, పంతులమ్మగారూ?”

దడి అవతల నుంచి రత్నమాణిక్యంగారు అడిగినప్పుడు నేను బూడిదతో గంజి గిన్నె తోముతున్నాను. తలెత్తకుండానే “తెలీదండీ” అన్నాను. ఆవిడ ఇంకేదో అనబోయి, ఆగి, లోపలికి వెళ్లిపోయారు. నా గాలి తగలకుండా ఎన్నాళ్లు దూరంగా ఉండాలో తెలుసుకోవడానికి అడిగారనుకున్నాను. గిన్నె తెల్లబడ్డాక కూడా తోముతూనే ఉన్నాను.

మేం మిషను వాళ్లం. ఉండవలసింది ఊరి బయట మా పేటలో. కానీ బోర్డు బడిని రైతుల వీధి చివర కట్టారు కాబట్టి బడి పక్కనున్న పంతులి పాక మాకిచ్చారు. ఆ వీధివాళ్లు మా గడప ఎప్పుడూ తొక్కలేదు. నూతి దగ్గర నా బిందెలోకి పైనుంచి నీళ్లు పోసేవారు. వాళ్లలో కలిసి తిరిగింది మా పిల్ల పుష్పలత ఒక్కతే. తెల్లవారగానే దడి సందులోంచి దూరి, రత్నమాణిక్యంగారు ముగ్గు వేస్తుంటే పిండి చిప్ప పట్టుకుని కూర్చునేది. అక్కడ అయ్యాక పక్క వాకిలి, ఆ తర్వాత దాని పక్కది. వీధి చివరిదాకా వెళ్లి, చేతులనిండా తెల్లపిండితో తిరిగొచ్చేది. ఏ ముగ్గూ తొక్కకుండా పక్కపక్కనుంచి ఎలా నడవాలో నాకు చూపించేది. వాళ్ల గడప మాత్రం దాటకూడదని దానికి నేనే నేర్పాను. ఎందుకని అది అడిగింది. బడిలో ఎంతమంది ఎన్ని ప్రశ్నలు అడిగినా జవాబు చెప్పగలదాన్ని, ఆ ఒక్కదానికి చెప్పలేకపోయాను.

కొల్లేటి నీళ్లు పొలాల మీదికి ఎగదన్నిన రోజుల్లో చలిజ్వరం వచ్చి, పిల్ల పోయింది.

పేట శ్మశానంలో పూడ్చి వచ్చాం. ప్రార్థనకూటం అయిన మర్నాడే మా ఆయన ప్రభుదాసుగారు, “చిన్న తరగతి అల్లరి చేస్తోంది కృపా, నువ్వు వస్తే గానీ లాభం లేదు” అన్నారు. వెళ్లాను. బడిలో ఆయనకి కుర్చీ, నాకు చాప. ఇంటికొచ్చాక ఆయన అలిసిపోయిన పంతులుగారు, నేను పొయ్యి రాజెయ్యవలసిన మనిషిని. ఎసట్లో బియ్యం పోసేటప్పుడు చెయ్యి అలవాటుగా ఇంకో గుప్పెడు తీసేది. మళ్లీ డబ్బాలో వేసేదాన్ని. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన అత్తగారు అది చూసి, “ఆడపిల్లేగా తల్లీ. మగపిల్లాడైతే ఏమైపోయేదానివో” అన్నారు. ఓదార్పు అనుకునే అన్నారు పాపం. ఆవిడకీ ఎవరో ఒకప్పుడు అలాగే చెప్పి ఉంటారు.

మా ఆయన ఏలూరుకి బదిలీ రాయించుకున్నారు. సోమవారం ప్రయాణమని అన్నం తింటూ చెప్పారు. “ఇక్కడ మనకెవరున్నారు?” అన్నారు. పిల్లని పూడ్చిన మట్టిదిబ్బ మీద ఇంకా గడ్డైనా మొలవలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. మజ్జిగ పోశాను.

గురువారం తెల్లవారాక, వెంకట్రాజుగారింటికెళ్లి బండి ఖాయం చేసి రమ్మని నన్ను పంపారు. ఆ ఇల్లు వీధికి ఆ చివర. పిల్ల పోయాక నేను బడికీ ఇంటికీ తప్ప ఎటూ కదల్లేదు. వీధిలోకి రావడం అదే మొదలు.

రత్నమాణిక్యంగారి వాకిట్లో కళ్లాపి చల్లి ఉంది, పచ్చగా, ఇంకా తడిగా. ముగ్గు లేదు. పక్కింటి ముందూ లేదు. ఆ పక్కన కూడా లేదు. ముగ్గు లేని వాకిలంటే ఇంట్లో ఎవరో పోయారని అర్థం. జ్వరం ఇంటికొకరిని ఎత్తుకుపోయిందా? నేను నా ఏడుపులో పడి ఎవరినీ పలకరించలేదా? కానీ ఏ ఇంట్లోనూ ఏడుపు లేదు. ఒక పెరట్లో ఎవరో మజ్జిగ చిలుకుతున్నారు.

వెంకట్రాజుగారి తల్లి లక్ష్మీకాంతంగారు అరుగు మీద ఉన్నారు.

“ఎవరు పోయారండీ?” అన్నాను.

“ఎవరేమిటే పంతులమ్మా, నీ పిల్లేగా.”

ఆవిడ విసుగ్గా చెప్పుకుపోయారు. “ఆ రత్నమాణిక్యం మొదలెట్టింది. చిప్ప తియ్యగానే చెయ్యి ఆడట్లేదంది. దాన్ని చూసి మా కోడలు, మా కోడల్ని చూసి ఎదురింటిది. మా నట్టింట్లో ఎవరో పోయినట్టు వీధంతా మైల పట్టారు. మావాడు కేకలేశాడు. వండకపోతే ఏమనాలో మగాళ్లకి తెలుసు గానీ, ముగ్గెయ్యకపోతే ఏమనాలో వాడికీ తోచలేదు. ఇంతకీ మీ మైల ఎన్నాళ్లో ఎవరికీ తెలియదు. అడిగితే నువ్వూ తెలీదన్నావంట. రేపు శ్రావణ శుక్రవారం. ముగ్గులేని ఇంటికి అమ్మవారొస్తుందా? ఆ మైల వదిలేదెప్పుడో చెప్పి పుణ్యం కట్టుకో తల్లీ.” చూపు తిప్పుకుని, “నా కాళ్ల దగ్గరే కూచునేది, ముండ” అన్నారు.

బండి సంగతి అడగలేదు. వెనక్కి తిరిగాను. మోకాళ్లూని ప్రార్థించిన ఏ గుడిలోనూ నాకు అంత భయభక్తులు కలగలేదు. ఈ ఆడవాళ్లకి ఇంట్లో మాట చెల్లదు. నా గడప దాటి వచ్చి నా పక్కన కూర్చునే వీల్లేదు. తమ చేతుల్లో ఉన్న ఒక్క పని ఆపేసి, నా బిడ్డని తమ ఇంటి చావుగా చేసుకున్నారు. ఎవరూ నాతో చెప్పలేదు. నేను చూస్తానని కూడా అనుకుని ఉండరు. ప్రతి వాకిలి ముందూ, లేని ముగ్గు తొక్కకుండా, పక్కపక్కనుంచి నడిచాను.

“బండి చెప్పావా?” అన్నారు మా ఆయన.

“మీరొకసారి వీధిలోకి రండి.”

వచ్చారు. ఆ చివరిదాకా చూశారు.

“ఏముంది? ఏమీ లేదుగా.”

“అదేనండీ. ఇక్కడ మనకెవరున్నారన్నారుగా.”

ఆయన మళ్లీ చూశారు. ఈసారి వాకిలి తర్వాత వాకిలి చూశారు. తర్వాత కండువాతో ముఖం కప్పుకున్నారు. పిల్ల పోయాక ఆయన ఏడవడం నేను చూడ్డం అదే మొదలు.

దడి దగ్గరికి వెళ్లి పిలిచాను. రత్నమాణిక్యంగారు చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చారు.

“మొన్న అడిగారుగా. తల్లికి ఎన్నాళ్లో నిజంగానే తెలీదండీ. వాకిళ్లకి మాత్రం ఇవాళ్టితో సరి. రేపు వేసుకోండి.”

ఆవిడ కళ్లనిండా నీళ్లు. “సోమవారం వెళ్లిపోతున్నారటగా?” అన్నారు.

“లేదండీ. సోమవారం బడి ఉంది” అన్నాను.