ఈడిత్ ఏ తెలుగు మాట్లాడాలి

ఫిల్మ్ నగర్‌లోని ఆ డబ్బింగ్ థియేటర్లో ఏసీ వణికిస్తోంది, స్ఫూర్తికి మాత్రం చెమటలు పడుతున్నాయి. ఇంగ్లండు మీదికి ఫ్రాన్సు నుంచి నార్మన్లు దండెత్తి వచ్చిన కథతో తీసిన విదేశీ సీరియల్‌కి తెలుగు మాటలు రాసింది ఆమే. ఇన్నాళ్ళూ ఎవరెవరి పేర్ల మీదో రాశాక, తెర మీద మొదటిసారి తన పేరు పడబోతోంది. సాయంత్రంలోగా సీరియల్ మొత్తం ఛానల్ వాళ్ళకి పంపించెయ్యాలి. సిద్దిపేటలో వాళ్ళమ్మ అప్పుడే వీధంతా చాటేసింది.

చివరి ఎపిసోడ్ ఒక్కటే మిగిలింది. అందులో ఇంగ్లండునేలే సాక్సన్ల రాజు యుద్ధంలో చచ్చిపోతాడు. ఊళ్ళూ పొలాలూ గెలిచినవాళ్ళు పంచుకుంటారు. ఈడిత్ అనే సాక్సన్ దొరసాని మొగుణ్ణి పోగొట్టుకుని, తన ఇంట్లోనే నార్మన్ దొరకి వండిపెట్టే గతికి వస్తుంది. అసలు సీరియల్లో గెలిచినవాళ్ళది ఫ్రెంచి, ఓడినవాళ్ళది ఇంగ్లీషు. ఆ తేడా తెలుగులో ఎలా చూపించాలో తోచక, స్ఫూర్తి ఈ ఎపిసోడ్‌లో ఓడినవాళ్ళకి తెలంగాణ మాట పెట్టేసింది. సినిమాల్లో పనివాళ్ళకీ హాస్యానికీ ఆ మాట పెట్టడం ఇక్కడ మామూలే. ఆలోచించేలోపే చెయ్యి రాసేసింది.

అద్దం అవతల మైకు ముందు పుష్పవల్లిగారు నిలబడ్డారు. తెనాలి మనిషి, హీరోయిన్లకి గొంతు అరువివ్వడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా.

"బువ్వ వండిన దొరా. ఇల్లు మాదే ఉండె. ఇయ్యాల గడప దాటాలన్నా మిమ్ములనే అడగాలె."

పనిమనిషి పాత్రలకి సాగదీసినట్టే సాగదీసి చెప్పారావిడ. సౌండ్ ఇంజినీరు లియో కిసుక్కున నవ్వాడు. నిర్మాత ఆదినారాయణ గారు తొడ చరిచారు.

"భలే పండిందమ్మా."

స్ఫూర్తి తెర వైపు చూసింది. తెర మీద ఈడిత్ ఏడుస్తోంది, ఇక్కడేమో నవ్వులు. నిన్నటిదాకా పుస్తకంలాంటి తెలుగులో ఆజ్ఞలిచ్చిన మనిషి, ఇల్లు పోగానే సిద్దిపేట మాటలోకి దిగిపోయిందేమిటి? దింపింది ఎవరో కాదు, తనే. తను మాత్రం తక్కువ తిన్నదా? ఈ ఆఫీసులో చేరిన దగ్గర్నుంచీ "ఏంటండీ" అంటూ మాట్లాడుతోంది. అమ్మ ఫోన్ చేస్తే మెట్ల మీదికి పరిగెత్తి, అక్కడ గొంతు తగ్గించి మాట్లాడుతోంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"సార్, ఇది నవ్వొచ్చే సీను కాదండీ. నేనే తప్పు రాశాను."

"దానికేముందీ, ఆ నాలుగు ముక్కలూ మామూలు తెలుగులోకి మార్చెయ్."

అది తేలికే. స్ఫూర్తి పెన్ను తీసింది కూడా. కానీ మారిస్తే అమ్మ మాట దొరసాని నోటికి తగదని తనే ఒప్పుకున్నట్టు.

"మార్చాల్సింది ఇది కాదండీ. సాక్సన్లకి మొదటి ఎపిసోడ్ నుంచీ ఇదే మాట పెడదాం. ఇల్లున్నప్పుడూ ఇదే, పోయాకా ఇదే."

ఆదినారాయణ గారి మొహం మాడిపోయింది. "మళ్ళీ మొదట్నుంచా? గడువు కోసం ఛానల్ వాళ్ళ కాళ్ళు పట్టుకోవాల్సింది నేను. దొరసాని అలా మాట్లాడితే జనం నవ్వుతారమ్మా. నవ్వారంటే తెర మీద నీ పేరుండదు, చెబుతున్నా."

"ఆ మాట ఎత్తితే నా గొంతుకి సాగతీత దానంతటదే వచ్చేస్తుందే తల్లీ," అన్నారు పుష్పవల్లిగారు మైకులోంచి. "నువ్వే ఓసారి చెప్పి వినిపించు."

స్ఫూర్తి లోపలికి వెళ్ళి మైకు ముందు నిలబడింది. లియో మొదటి ఎపిసోడ్ పెట్టాడు. ఈడిత్ తన ఇంటి ముందు నిలబడి రాజుగారి మనుషుల్ని ఆపే సీను.

"ఆగుండ్రి. గీ ఇల్లు నాది. లోపలికి రావాల్నంటే ముందుగాల నన్నడగాలె."

సాగదీయలేదు. ఇంటి మీదికి ఎవరైనా వస్తే అమ్మ ఎలా అంటుందో అలాగే అంది. అద్దం అవతల లియో నవ్వలేదు, ఆదినారాయణ గారు ముందుకి వంగి చూస్తున్నారు. నవ్వితేనే నయమేమో అనిపించింది ఆమెకి.

"మీది ఏ ఊరమ్మా?" అన్నారాయన.

"సిద్దిపేట, సార్."

"ఎప్పుడూ చెప్పలేదే?"

"భయమైంది సార్."

ఆయన ఫోన్ తీసి, "తప్పు మా వైపు జరిగిందండీ, ఇంకొంచెం గడువు కావాలి," అంటూ మూలకి నడిచారు. అవతలివాళ్ళు గట్టిగానే అరుస్తున్నారు. స్ఫూర్తి బయటికి వచ్చి ఆయన మొహమే చూస్తూ కూర్చుంది. అంతలో ఆమె ఫోన్ మోగింది. అమ్మ.

అలవాటుగా మెట్ల వైపు లేవబోయింది. మళ్ళీ కూర్చుంది.

"నీ పేరు ఎప్పుడొస్తదే బిడ్డా?"

"తెల్వదమ్మా. వస్తదో రాదో గూడ తెల్వది," అంది స్ఫూర్తి, అందరికీ వినబడేలా. "గని గీ సీరియల్ల ఒక దొరసాని ఉన్నది. అచ్చం నీ లెక్కనే మాట్లాడుతది."