పొట్టేలు గుర్తు బండి

ఆ పొద్దున మబ్బు కొండల మీదికి దిగింది గానీ వాన పడలేదు. ఆకాశం ఒక పక్క గంజి రంగులో, ఇంకో పక్క తడిసిన బూడిదలా ఉంది. అట్లాంటి రోజు ఇప్పగింజ ఎండదు, బూజు పడుతుంది. అందుకే నా తమ్ముడు సోమారు ఉన్న గింజంతా బస్తాకెత్తి, సైకిల్ మీద కట్టి, ఉసూర్ సంతకు తోసుకుపోతున్నాడు. వెనక అతని పెళ్ళాం లక్కే నెత్తిన గంపతో నడుస్తోంది.

అది కొత్తగా తారు పోసిన రోడ్డు. తారు చల్లారినాక ముందు పశువులు దానికి అలవాటు పడ్డాయి, తర్వాత మేము. దాని మీద బళ్ళొస్తాయన్న సంగతి మాత్రం ఇంకా ఎవరికీ అలవాటు కాలేదు.

మలుపులో ఎదురుగా తెల్లబండి వచ్చింది. సోమారును గుద్ది, లక్కే ముందుకొచ్చి ఆగింది. అద్దాలు నల్లవి, లోపల మనిషి కనపడలేదు. బండి మూతి మీద వెండిలా మెరిసే పొట్టేలు తల, రెండు పక్కలా చుట్ట తిరిగిన కొమ్ములు. ఆమె దాన్ని చూస్తుండగానే బండి పక్కకు తిప్పుకుని పోయింది. మేము మంచం మీద ఆసుపత్రికి మోసుకుపోతుంటే సోమారు దారిలోనే పోయాడు.

ఠాణాలో బండి నంబరు అడిగారు. లక్కేకు అంకెలు రావు. పుల్ల తీసుకుని వాకిట్లో మట్టి మీద పొట్టేలు తల గీసింది. అక్కడి సాబ్ ఫోన్ తీసి ఏవేవో గుర్తులు చూపించాడు. ఒక దాని దగ్గర ఆమె వేలు పెట్టింది. అది పరదేశం కంపెనీ అట, ఆ బండి జిల్లాలో ఒక్కటి కూడా లేదట. భయంలో ఏదో చూసి ఉంటావని చెప్పాడు. గట్టిగా కసరలేదు, మంచిగానే చెప్పాడు. కాగితం మీద ‘అజ్ఞాత్ వాహన్’ అని రాశారు. అంటే ఎవరి బండో తెలియదని.

బయటికొచ్చాక లక్కేకు అది విడమర్చి చెప్పాను.

“తెలవకపోవుడు ఏంది బావా? పొట్టేలోళ్ళది గదా” అంది.

మా వైపు ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. మాది తాబేలు. మేము తాబేలును తినం, చంపం, వలలో పడితే వదిలేస్తాం. వాగవతల ఊరి వాళ్ళది పొట్టేలు. గుర్తు పుట్టుకతో వస్తుంది, చచ్చినాక సమాధి రాయి మీదికి ఎక్కుతుంది. ఇంకొకడి గుర్తు తన ముఖం మీద పెట్టుకునే మనిషి ఉంటాడని లక్కేకు ఎట్లా తోస్తుంది? నిజం చెప్తే నాకూ తోచలేదు.

ఆమెకు కేసు అక్కర్లేదు. ఒక మనిషి చేతిలో ఇంకో మనిషి పొరపాటున పోతే, ఆ చేతి వాళ్ళు బియ్యం, కోడి పట్టుకుని రావాలి, తప్పు ఒప్పుకుని మాతో ఒకే వరసలో కూర్చుని తినాలి. అప్పుడే పోయినవాడికి రాయి నిలుపుతాం. అంతదాకా వాడు పెద్దల్లో కలవడు, రోడ్డు మీదే తిరుగుతుంటాడు. విత్తనం వేసే లోపు సోమారు రాయి నిలవాలని ఆమె పట్టు. ఇంకేమీ అడగలేదు.

వాగు దాటి పోయాం. పొట్టేలోళ్ళ పెద్ద ముయా చింత కింద తాడు పేనుతున్నాడు. లక్కే చెప్పిందంతా ఆపకుండా విన్నాడు. వాళ్ళ ఊళ్ళో ఉన్నది ఒక పాత ట్రాక్టరు, అదీ ముందు చక్రం లేకుండా. అయినా నవ్వలేదు. తన వాళ్ళందరినీ అడుగుతానన్నాడు.

బళ్ళకు అంటించే ఇట్లాంటి గుర్తులు అమ్మే దుకాణం బచేలిలో ఉందని సంతలో విని, బస్సు మారి అక్కడికి పోయాను. దుకాణం అప్పారావుది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు, మాటకారి. సీటు కవర్ల వెనక అద్దాల పెట్టెలో గుర్తులు వరసగా పెట్టాడు. గుర్రం, రెక్కలు, త్రిశూలం, చిరుత, ఏదో కోట బొమ్మ.

ఇవి ఎవరు కొంటారని అడిగితే అతనికి హుషారొచ్చింది. చిన్న రకం బండి కొన్నవాడు పెద్ద రకం అక్షరాలు అంటిస్తాడట. కొందరు ఉన్న అక్షరాలు పీకించేస్తారట, ఏ రకమో ఎదుటివాడికి తెలియకూడదని. పాత బండిని కొత్తదిగా చూపాలని కొందరు. అల్లుడొస్తున్నాడని ముందు రోజు పరదేశం గుర్తు పెట్టించి, అల్లుడు పోయాక తీయించినవాడు కూడా ఉన్నాడట.

“బండి మారీదానికి డబ్బులు కావాలి బాబూ, పేరు మారీదానికి కొంచెం జిగురు సాలు” అని నవ్వాడు.

పొట్టేలు తల ఉందా అని అడిగాను. ఒక్కటే తెప్పించాడట. రోడ్డు పని గుత్తకు తీసుకున్న ఠేకేదారు ఉమామహేష్ గారు ముచ్చటపడి పెట్టించుకున్నారట, ఎదురొచ్చేవాడు తప్పుకోవాలని. ఈ మధ్యనే వచ్చి పీకించి, కంపెనీ గుర్తు మళ్ళీ పెట్టించారట. జాతకానికి పొట్టేలు పడలేదని ఎవరో చెప్పారట. ముందు బంపరు కూడా మార్పించారట.

ఇంత చెప్పి నా ముఖం చూశాడు. నేను సోమారు సంగతి చెప్పాను. అతను పెట్టె మూత వేసి, గుడ్డతో అద్దం తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే తుడిచాడు.

“మా పెద్దోడు ఆయన దగ్గరే సూపర్‌వైజరు. నేనేటీ అన్లేదు. నువ్వేటీ ఇన్లేదు” అన్నాడు.

తిరిగొచ్చి ఠాణాలో చెప్పాను. ఆ దుకాణం మనిషి వచ్చి చెప్తే రాసుకుంటామన్నారు.

ఉమామహేష్ గారి క్యాంపు రోడ్డు చివరే. వాకిట్లో తెల్లబండి కడిగి ఉంది. మూతి మీద అందరి బళ్ళకూ ఉండే గుర్తే ఉంది. దాని సందుల్లో మట్టి లేదు. చుట్టూ ఉన్న ఇంజను జల్లెడ కన్నాల్లో మాత్రం నిరుటి ఎర్రమట్టి గట్టిపడి ఉంది. ఆయన వరండాలో ఉన్నాడు. కుర్చీ వేయించాడు, టీ ఇప్పించాడు. మా తమ్ముడి సంగతి విన్నానని, పాపమని అన్నాడు. పోలీసులూ, కోర్టూ మాకేమీ వద్దని, ఒక్కసారి వచ్చి మాతో కూర్చుని అన్నం తింటే చాలని చెప్పాను.

ఆయన గ్లాసు కింద పెట్టి లేచాడు. వస్తాడేమోననే అనిపించింది. తర్వాత బండి వైపు చెయ్యి చూపించాడు.

“నా బండికి పొట్టేలు ఎక్కడుందో చూపించవయ్యా.”

నేను టీ అక్కడే పెట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చి చెప్తే లక్కే వెంటనే అందుకోలేదు. గుర్తు పీకేస్తే ఊడుతుందా అని రెండుమూడు సార్లు అడిగింది. జిగురుతో అంటిస్తారని చెప్పాను. “అట్లయితే మనిషి యాడున్నట్టు?” అని లోపలికి పోయింది. ఆ తర్వాత సోమారు రాయి మాట ఎత్తలేదు. వానలు పట్టాయి. అందరూ విత్తనం వేశారు, రాయి నిలవక మా రెండు ఇళ్ళ వాళ్ళం వేయలేదు.

ఒక పొద్దున ముయా వచ్చాడు. వెనక వాళ్ళ వాళ్ళు, ఆడా మగా, వాగులో మొలలోతు తడిసి ఉన్నారు. ఒకరి చేతిలో కోడి, ఇంకొకరి నెత్తిన బియ్యం. ఠేకేదారు సంగతి వాళ్ళ దాకా పోయింది.

లక్కే గుమ్మంలోనే నిలబడింది. “మీరు గాదంట గదా మామా. మీరెందుకు వచ్చిన్రు?”

“బండి మాది గాదు బిడ్డా, గుర్తు మాది” అన్నాడు ముయా. “పెట్టుకున్నోడు పీకేసుకున్నడు. మేమెట్ల పీక్కుంటం? నీ మొగుడు ఇంకెన్ని దినాలు రోడ్డు మీద తిరగాలె?”

తప్పు ఒప్పుకునే మాటలు ముయా చెప్పాడు. చెయ్యని తప్పు. తడబడకుండా, పద్ధతి ప్రకారం, సోమారు పేరు పెట్టి చెప్పాడు. వెనక నిలబడ్డవాళ్ళు తలలు వంచారు. వినడం నాకు చేతకాలేదు, పొయ్యి దగ్గరికి పోయి కట్టెలు ఎగదోశాను.

మగవాళ్ళం పోయి రాయి నిలిపి వచ్చేసరికి వంట అయింది. మోదుగాకుల విస్తళ్ళు వేసి, ఒకే వరసలో తాబేలోళ్ళూ పొట్టేలోళ్ళూ మార్చి మార్చి కూర్చున్నాం. లక్కే ముందు ముయాకు వడ్డించింది, తర్వాత నాకు. పిల్లలు కూడా గొడవ చేయలేదు. ఎముక కొరికిన చప్పుడు, పొయ్యిలో కట్టె చిట్లిన చప్పుడు, అంతే. రోడ్డు మీద బళ్ళు పోతూ ఉన్నాయి. ఎవరం తలెత్తలేదు. చివర లక్కే కూర్చుని, కూర కలపకుండా ఉత్త అన్నం తిన్నది.