నాలుగో మూల

“అక్కడ నువ్వేం మాట్లాడకు. ఎవరన్న ఏమన్న అడిగితే, సార్‌ను అడగండ్రి అని చెప్పు. సరేనా?” అన్నాడు డేవిడ్ రాజు, డోర్కాస్ ఇస్త్రీ చేసి ఇచ్చిన లాల్చీలోకి తల దూర్చుతూ. లాల్చీలోంచి తల బయటికొచ్చేసరికి ఆమె వంటింట్లో ఉంది. ఆదివారం ఆరాధన నుంచి వచ్చి ఇంకా చీర మార్చుకోలేదు. కోడికూర దించాలి, అత్త ఇందిరమ్మకు మెత్తటి ముక్కలు ఏరి పెట్టాలి, గిన్నెలు కడగాలి, ఆ తర్వాత శంషాబాద్ బస్టాండు అవతలి పాత రైస్‌మిల్లు దగ్గరికి పోయి, అక్కడ ఏమీ మాట్లాడకుండా నిలబడాలి. ఇన్ని పనుల్లోకీ ఆ చివరిదే ఆమెకు బరువుగా ఉంది.

రైస్‌మిల్లు ఇప్పుడు రైస్‌మిల్లు కాదు. ఎయిర్‌పోర్టు వచ్చి నాలుగేళ్లయింది. పొలాలు ప్లాట్లయ్యాయి, చాయ్ హోటళ్లు దాబాలయ్యాయి, మిల్లు ఆర్ట్ గ్యాలరీ అయింది. ప్రసన్నలక్ష్మి అనే ఆవిడ సిటీ నుంచి వచ్చి, గోడలకు తెల్ల సున్నం వేయించి, పైన లైట్లు బిగించి, ఈ చుట్టుపక్కల కళాకారులకు నెలకో ప్రదర్శన పెడతానని బోర్డు కట్టింది. ప్రైవేటు బడిలో పదహారేళ్లుగా పిల్లలతో మామిడికాయలు, జాతీయ జెండాలు గీయిస్తున్న డ్రాయింగ్ మాస్టరు డేవిడ్ రాజుకు ఆ బోర్డు చూసిన రోజు నుంచి అన్నం సయించలేదు. ఇంట్లో ఉన్న బర్రెల బొమ్మలు, చార్మినార్ బొమ్మలు అన్నీ దుమ్ము దులిపి (దులిపింది డోర్కాసే) ఆవిడను ఇంటికి పిలిచాడు.

ఆవిడ బర్రెలను చూసింది. చార్మినార్‌ను చూసింది. “బాగున్నాయండీ” అని మర్యాదగా పక్కన పెట్టింది. పెట్టి, వరండాలో దండెం మీద ఉన్న బొంత దగ్గర ఆగిపోయింది.

“ఇదెవరు చేశారండీ?”

డోర్కాస్ వంటింట్లో చాయ్ వడకడుతోంది. నేనే అని చెప్పడానికి కొంగుతో చేతులు తుడుచుకుని గడప దాకా వచ్చింది కూడా. అప్పటికే మొగుడి గొంతు వినిపించింది. “నాదే మేడమ్. ఒక కాన్సెప్ట్ మీద పని చేస్తున్న.” ఆమె చాయ్ కప్పులు తెచ్చి ఇచ్చింది. ఆవిడ కప్పు అందుకుంది గానీ ఇచ్చిన మనిషి మొహం చూడలేదు, కళ్లన్నీ బొంత మీదే ఉన్నాయి. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత డోర్కాస్‌కు చిన్నప్పటి నుంచీ తెలుసు. అది తన ఇంటి వరండాలోకే నడిచి వస్తుందనుకోలేదు.

ఆ బొంత ఆమె తల్లి కొండమ్మ చీరలది. కందుకూరు దగ్గరి పల్లెలో కొండమ్మ చనిపోయినప్పుడు అన్నలు పొలం పంచుకున్నారు, వదినలు ఇత్తడి సామాన్లు పంచుకున్నారు. నీకేం కావాలమ్మా అని పెద్దన్న మాటవరసకు అడిగితే అమ్మ చీరలు చాలన్నది. పదకొండు నేత చీరలు, నాలుగు రవికలు గోనెసంచిలో వేసుకుని బస్సెక్కింది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు అత్త పడుకునే వేళ ఒక్కటే ఆమెది. కుట్టడానికి వచ్చిన జాకెట్లు పక్కకు జరిపి ఆ రెండు గంటల్లోనే, ఎనిమిది నెలలు, ఆ బొంత కుట్టింది. పద్నాలుగేళ్ల కాపురంలో ఏడు బొంతలు కుట్టిందామె. అత్తకొకటి, మొగుడికొకటి, హాస్టల్‌కు పోయిన బిడ్డకొకటి, ఆడబిడ్డ రెండు కాన్పులకు రెండు, చుట్టాలొస్తే కప్పడానికి రెండు. తను మాత్రం సంతలో కొన్న గళ్ల దుప్పటి కప్పుకునేది, చలికాలం కాళ్లు పొట్టలోకి ముడుచుకుని. ఈ ఎనిమిదోది నాకు అనుకుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో తనకంటూ ఒకటి కావాలనుకోవడం దొంగతనమన్నట్టు నోరు మూసుకుని కుట్టింది, ఎంత సిగ్గుమాలిన భయమో చూడండి.

కొండమ్మకు బొంత విషయంలో ఒక పట్టింపు ఉండేది. మూడు మూలలు కుట్టి నాలుగోది వదిలేసేది. ఎవరి కోసం కుట్టిందో వాళ్లు మొదటిసారి ఆ బొంత కింద పడుకోవాలి. అప్పుడు ఆ మూలలో చిటికెడు బియ్యం వేసి మూసేది. “బొంత కడుపు ఖాళీగ ఉండొద్దు బిడ్డా. పండుకున్నోళ్లు ఎవరో దానికి తెల్వాలె” అనేది. డోర్కాస్ తన ఏడు బొంతలనూ అలాగే మూసింది. ఎనిమిదోదాని మూల ఇంకా తెరిచే ఉంది, క్రిస్మస్ చలికి తను కప్పుకునే రోజు కోసం.

ఈలోగా మొన్న గురువారం అమ్మ జ్ఞాపకార్థ కూడికకు ఊరికి పోయి వచ్చేసరికి దండెం ఖాళీగా ఉంది, బొంత గ్యాలరీకి పోయింది.

“అది ఇంక అయిపోలే” అంది మొగుడితో.

“అయిందా కాలేదా నాకు తెల్వదా? ఆర్టిస్టును నేనా నువ్వా?”

“కుట్టింది నేను కద.”

“కుట్టుడు ఎవరైన కుడ్తరే. కాటేదాన్ ఫ్యాక్టరీలల్ల మిషన్లు గూడ కుడ్తయ్. ఆలోచన ముఖ్యం.”

ఇందిరమ్మ మంచం మీంచి అందుకుంది. “మొగడు పైకొస్తుంటే మురువాలె గని, గా పాత బట్టల కోసం మూతి ముడుసుకుంటవేంది?” ఆ పాత బట్టల్లో ఒక మనిషి ఉందని ఈ ఇంట్లో ఎవరికి చెప్పాలి? డోర్కాస్‌కు ఒళ్లు మండింది. మండిన ఒంటితోనే వెళ్లి బియ్యం కడిగింది.

కానీ ఆమెకు ఒక బెంగ పట్టుకుంది. మూల తెరిచి ఉన్న బొంతను వేలాడదీస్తే లోపలి గుడ్డలన్నీ కిందికి జారతాయి. నలుగురిలో ఆయన పరువు పోతుంది. ఇంత జరిగాక కూడా ఆయన పరువు గురించే ఆలోచిస్తున్నందుకు తన మీద తనకే విసుగొచ్చింది. అయినా ఆదివారం బయల్దేరేముందు దారం ఎక్కించిన సూదిని హ్యాండ్‌బ్యాగులో గుచ్చుకుంది, కొంగు చివర చిటికెడు బియ్యం ముడేసుకుంది. ఎవరూ రాకముందే నాలుగు కుట్లు వేసేస్తే సరిపోతుందనుకుంది.

గ్యాలరీలో బొంత ఎదుటి గోడకు ఉంది, ఇనుప కడ్డీకి కట్టి. లైటు కింద అమ్మ చీరల ఎరుపు, ముదురు ఆకుపచ్చ, పసుపు ఇంత అందంగా ఉంటాయని డోర్కాస్ కూడా అనుకోలేదు. నాలుగో మూల కింద కుడివైపు వేలాడుతోంది. సూది తీయబోతూ పక్కన అతికించిన చిన్న తెల్ల అట్ట చదివింది.

డేవిడ్ రాజు. ‘ఆమె’. పాత చీరలు, దారం. 2012.

రెండోసారి చదివింది. తన పేరు ఎక్కడన్నా చిన్న అక్షరాల్లో ఉందేమోనని అట్ట వెనక వైపు కూడా గోరుతో లేపి చూసింది. ఏమీ లేదు.

“డోర్కా, చాయ్ పోసే ఆమె రాలేదంట. జర నువ్వు చూసుకో” అని మొగుడు ఫ్లాస్కు, కాగితం కప్పుల దొంతర చేతిలో పెట్టాడు. సూది బ్యాగులోనే ఉండిపోయింది. జనం వచ్చారు. ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నామని విసుక్కుంటూ సిటీ వాళ్లు కూడా పదిమంది దాకా వచ్చారు. “ఆంటీ, షుగర్ లేనిది ఉందా?” “అమ్మా, ఈ కప్పు తీసుకెళ్లు.” తన బొంత చుట్టూ తిరుగుతూ తన చేతి చాయ్ తాగుతున్న వాళ్లలో ఒక్కరూ ఈమె మొహంలోకి చూడలేదు.

అప్పుడు డేవిడ్ రాజు మాట్లాడాడు. ఇంట్లో మాట్లాడే భాష కాదది, వేరే. “మన సమాజంలో స్త్రీ శ్రమకు గుర్తింపు లేదు. ఆమె వండుతుంది, కుడుతుంది, ఆమె పేరు మాత్రం ఎక్కడా కనిపించదు. నా ఈ రచన ఆ అజ్ఞాత స్త్రీకి నివాళి.” చప్పట్లు కొట్టారు. డోర్కాస్ చేతుల్లో ఫ్లాస్కు ఉంది కాబట్టి కొట్టలేదు.

ఒకమ్మాయి అడిగింది. “సార్, ఆ మూల ఎందుకు తెరిచి ఉంది?”

డేవిడ్ రాజు మూలను చూశాడు. అది తెరిచి ఉందన్న సంగతి ఆ క్షణం దాకా ఆయనకు తెలియదని డోర్కాస్‌కు అర్థమైంది. గడ్డం నిమురుకున్నాడు. “అది కావాలనే వదిలాను. స్త్రీ జీవితంలోని అసంపూర్ణతకు ప్రతీక.”

“అద్భుతం” అన్నారెవరో.

మిల్లు రేకుల మీదుగా విమానం ఒకటి కిందికి దిగుతూ పోయింది. దాని వల్లో, మూడు రోజులుగా వేలాడుతున్న బరువు వల్లో, తెరిచి ఉన్న మూలలోంచి గుడ్డల ఉండ ఒకటి నేల మీద పడింది. వెంటనే ఇంకొకటి జారింది. అది కొండమ్మ రవిక. హుక్కులు తుప్పు పట్టి, చంకల దగ్గర చెమటకు వెలిసిపోయిన రవిక, పరాయి మగవాళ్ల బూట్ల మధ్య. డేవిడ్ రాజు దాన్ని రెండు వేళ్లతో ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకుని లోపలికి తోయబోయాడు. ఇంకోటి పడింది. ఎవరో నవ్వారు.

“ఫర్వాలేదండీ, రెండు కుట్లు వేసేయండి సార్” అంది ప్రసన్నలక్ష్మి. “మీరు ఎలా కుడతారో మేమూ చూస్తాం.”

ఆయన చూపు గదంతా తిరిగి చాయ్ బల్ల దగ్గర ఆగింది. “డోర్కా, సూది ఉందా? జర వచ్చి రెండు కుట్లెయ్.” ఆవిడ వైపు తిరిగి నవ్వాడు. “మా మిసెస్ హెల్ప్ చేస్తది మేడమ్.”

సూది ఉంది. బియ్యం కూడా ఉన్నాయి. నాలుగు కుట్లు వేస్తే ఈ సభ హాయిగా ముగుస్తుంది, సాయంత్రం ఆయన సంతోషంగా ఉంటాడు, అత్త మురుస్తుంది, అమ్మ బొంత ఎప్పటికీ ఆ అట్ట మీది పేరుదే అవుతుంది. డోర్కాస్ వచ్చి ముందు నేల మీది రవికను తీసుకుంది. దుమ్ము దులిపి మడతపెట్టింది.

“గీ మూల నేను మూయలే మేడమ్” అంది. “ఇది మా అమ్మ చీరలతోని నా కోసం కుట్టుకున్న బొంత. కప్పుకునేటోళ్లు పండుకున్నంకనే మూల మూయాలె. నేనింక పండుకోలే. అందుకే తెరిచుంది. ప్రతీక గితీక ఏం లేదు.”

“మీ... పేరేంటమ్మా?”

“డోర్కాస్. ఆ దినం మా ఇంట్ల మీకు చాయ్ ఇచ్చిన కద మేడమ్.”

ప్రసన్నలక్ష్మి మొహం ఎర్రబడింది. చెడ్డ మనిషేం కాదు. అట్ట వైపు తిరిగి అంది. “అట్ట మార్పిస్తానండీ. కింద ‘సహకారం: డోర్కాస్’ అని వేయిద్దాం.”

“అదే, నేనే ఎయ్యమందామనుకున్న” అన్నాడు డేవిడ్ రాజు గబగబా.

సహకారం! ఎనిమిది నెలల మధ్యాహ్నాలకు, పదకొండు చీరలకు, వేళ్ల నిండా సూది పోట్లకు పెట్టిన పేరు. డోర్కాస్‌కు నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపొచ్చింది. రెండూ మింగి, గోడ పక్కనున్న స్టూలు లాక్కుని ఎక్కింది. కడ్డీకి కట్టిన ముడులు ఒక్కొక్కటే విప్పింది. ఎవరూ ఆపలేదు. మొగుడు మాత్రం దగ్గరికొచ్చి పళ్ల మధ్య నుంచి అన్నాడు. “ఇజ్జత్ తీస్తున్నవ్. ఇంటికొచ్చినంక చెప్త నీ సంగతి.”

ఆమె కిందికి దిగి, బొంత భుజాన వేసుకుని, బల్ల మీది ఫ్లాస్కు తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. “చాయ్ చల్లారుతది. అందరికి పొయ్యండి” అంది.

బస్టాండు దాకా నడిచి, షేర్ ఆటోలో బొంతను ఒళ్లో పెట్టుకుని ఇంటికొచ్చింది. ఇంకా ఐదు కాలేదు. ఆయన వచ్చాక ఏమవుతుందో తెలుసు, అరుస్తాడు, వారం రోజులు అన్నం పళ్లెం నెట్టేస్తాడు. నెట్టేయనీ. నడింట్లో చాప పరిచి పడుకుని, అమ్మ చీరలను గడ్డం దాకా లాక్కుంది. నాలుగో మూలను ఛాతీ మీదికి తెచ్చుకుని, రవికను లోపల సర్ది, కొంగు ముడి విప్పి బియ్యం వేసింది.

“పొద్దుగూకక ముందే పండుకుంటివేందే? నా చాయ్ ఏది?” అంది మంచం మీంచి ఇందిరమ్మ.

డోర్కాస్ మొదటి కుట్టు వేసి దారం లాగింది.

“చక్కెర పై అరల ఉంది అత్తమ్మా. పెట్టుకోండ్రి” అంది. “నాకు గూడ ఒక గ్లాసు పొయ్యండ్రి.”