దారిబత్తెం

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి శివరాత్రి మాట. ఆళ్లగడ్డ ఓబులేసు ఏటా ఆత్మకూరు దాకా ఎద్దులబండిలో పోయి, అక్కణ్నించి నల్లమల దాటి శ్రీశైలం నడిచేవాడు. తోటివాళ్లు బియ్యం, కుండలు మోసుకొచ్చి, అడవిలో పొయ్యి ఊదుకుంటూ కళ్లు ఎర్రజేసుకునేవాళ్లు. అతను మాత్రం ఏ రాతిగుండు మీదో కూర్చుని ఎండు జొన్నరొట్టె విరిచి, శెనిక్కాయల పొడి అద్దుకుని నమిలి, అందరికన్నా ముందు లేచేవాడు.

"అడవిలో వంట పెట్టుకునేటోడు దేవుని దగ్గరికి పోడు, అత్తగారింటికి పోతాడు" అనేవాడు.

ఈ ఏడు అతనికి ముద్ద దిగడం లేదు. నంద్యాల డాక్టరు అతన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, భార్య రామసుబ్బమ్మను లోపలికి పిలిచాడు. గొంతులో గడ్డ, కోసినా లాభం లేదు, ఎండలు ముదిరేదాకా ఉంటే గొప్ప అన్నాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని బయటికొచ్చింది.

"వేడి చేసిందంట. మెత్తనివి తింటే తగ్గుతాదంట."

"శివరాత్రికి తగ్గుతాదా?"

"ఎందుకు తగ్గదు?"

ఆ మాట అన్నందుకు ఆమె దారిబత్తెం తయారుచేయక తప్పలేదు. అటుకులు నానబెట్టి బెల్లం కలిపింది. కొన్నాళ్లు దిగాయి, తర్వాత దగ్గు తెచ్చాయి. నువ్వుల ఉండ చిదిపి పెడితే పలుకులు అడ్డం పడ్డాయి.

"ఇది కొండకు పనికిరాదు" అనేవాడు ఓబులేసు, తప్పంతా ఆ నువ్వుల ఉండదే అయినట్టు.

"ఔ, ఎండకు కారుతాది" అనేది ఆమె.

చివరికి పేలపిండి మిగిలింది. బొరుగులబట్టీ రహమత్‌బీ జొన్నపేలాలు వేయించి, మెత్తగా విసిరి, తానే తెచ్చింది.

"ఏమన్నా, పేలపిండి కట్టుకుని పోతాండావంట. పళ్లూడిన ముసలోళ్ల తిండి గదా అది."

"నీ నోట్లో ఎన్నుండాయో ముందు లెక్కబెట్టుకోపో" అన్నాడు ఓబులేసు బొంగురుగా.

ఆమె నవ్వి, వాకిలి దాటాక రామసుబ్బమ్మ చెయ్యి పట్టుకుంది.

"వదినా, ఇంకా చెప్పలేదా?"

"ఎట్ల చెప్పేది? పొద్దున లేస్తే చెప్పులకు నూనె పట్టిస్తాండాడు."

పిండి నీళ్లలో జారుగా కలిపితే దిగింది. ఆ పూట ఇంట్లో పండగైంది. కానీ శివరాత్రి దగ్గర పడేకొద్దీ ఆ జారు కూడా సగం పెదవుల పక్కనుంచి కారిపోయేది. ఆమె తుడుస్తూ, "దారి పొడుగునా నీళ్లుంటాయి. కొంచెం కొంచెం తాగుకుంటా పోదువులే" అనేది.

బండ్లు కదలడానికి ముందురోజు పొద్దున అతను ఆమెను మంచం దగ్గరికి పిలిచాడు.

"సుబ్బీ, ఎండురొట్టెలు కాల్చు."

"నీళ్లే దిగడం లేదు, రొట్టె యాడ దిగుతాది?"

"నాకు గాదు."

ఆమె చేతిలోని గ్లాసు కింద పెట్టింది.

"నీ పళ్లు గట్టివి, నీకు రొట్టెలే మేలు. ఆత్మకూరు పోయే సంజీవయ్య బండిలో చోటడిగినా. నా బదులు పోయి మొక్కి రా. పిండి ఈడ ఉండనీ, రహమత్‌బీ కలిపిస్తాది."

"శివరాత్రికి తగ్గుతాదని..."

"నువ్వంటివి, నేను ఊఁ అంటిని. చాల్లే ఇంక."

ఆమె లేచింది. పొయ్యి రాజేసి కూర్చుంది. పిండి పిసికే చేతుల మీద కన్నీళ్లు పడుతుంటే మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

"పలచగా తట్టు. మందమైతే బూజు పడతాది" అన్నాడతను మంచం మీదనుంచి.

ఆమె పలచగా తట్టింది. పెనం మీద కాల్చి, గలగలలాడేదాకా ఎండలో ఆరబెట్టి, మూట కట్టింది.

మర్నాడు సంజీవయ్య బండి వాకిట్లో ఆగింది. ఆమె బయటికి పోయి ఏదో చెప్పింది. గజ్జెలు మోగించుకుంటూ బండి సందు తిరిగింది. లోపలికొచ్చి మూటను ఉట్టిలో పెట్టింది.

"ఎండురొట్టె ఎన్నాళ్లున్నా చెడదని నువ్వే గదా అంటావు" అంది. "ఉండనీ. నేను తర్వాత పోతా."

ఆ 'తర్వాత' అనే మాట ఆ ఇంట్లో అంతవరకు ఎవరూ అనలేదు. ఓబులేసు చాలాసేపు ఉట్టికేసి చూశాడు. ఆమె గ్లాసు తీసుకుని పేలపిండి సంచి విప్పింది.

"జారుగా కలుపు" అన్నాడు.