గీత వైపు, సున్నా వైపు

హుమాయూన్ గట్టిగా చెప్పలేదు. ఎవరు కదిపినా యేసుకుమార్ ఈ మాట దగ్గరే మొదలుపెడతాడు. వన్ టౌన్‌లో పక్షులూ రంగు చేపలూ అమ్మే హుమాయూన్, సరుకు అంటగట్టేటప్పుడు పూటంతా మాట్లాడగలిగినవాడు, అసలు మాట దగ్గరికొచ్చేసరికి ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పి పెట్టేశాడట. చెప్పే పద్ధతిలో చెబితే విననివాడినా నేను, అని అడుగుతాడు యేసుకుమార్. ఆ ప్రశ్న వినగానే భార్య హెప్సిబా లేచి వంటింట్లోకి వెళ్తుంది.

ఏడో తరగతిలో బడి మానేసిన యేసుకుమార్, గన్నవరం అవతల ఒక కోళ్ల హేచరీలో ఇరవై రెండేళ్లు పనిచేశాడు. గుడ్డుని దీపానికి అడ్డం పెట్టి, లోపల పిల్ల బతికుందో చచ్చిందో చిటికెలో చెప్పేవాడు. కొత్త మిషన్లు వచ్చాక ఆ చూపుతో పని లేకుండా పోయింది. నలభై ఆరేళ్లకి కంకిపాడు వచ్చి, తండ్రి పుల్లయ్య కూలి చేసి కొన్న కాస్త పొలం చెక్కలో వరి వేసుకుంటూ, ఆ హేచరీ వాళ్లని తిట్టుకుంటూ ఉన్నాడు.

అప్పుడు తగిలాడు హుమాయూన్. అతని కొట్టు వెనక అద్దాల పెట్టెలో మూడు పెద్ద తొండలు ఉండేవి. చక్‌వాలాలట. అమెరికా ఎడారివట. మూరెడు పొడవు, లావుపాటి ఒళ్లు, అన్న చొక్కా తమ్ముడు తొడుక్కున్నట్టు మెడ చుట్టూ వదులుగా మడతలు పడ్డ చర్మం. ఆకులూ పూలే తిండి. హైదరాబాదులో ఎవరో ఇల్లు మారుతూ వదిలించుకున్నారు. ఒకటి మగది, రెండు ఆడవి.

"పొదిగించడం నీకు చేతిలో పనన్నా," అన్నాడు హుమాయూన్. "పిల్లకి ఎనభై వేలు. ఎన్నొస్తే అన్నీ నేనే పట్టుకుపోతా."

తొండలకీ, గది తయారు చేయడానికీ ఊళ్లో జక్కయ్య దగ్గర ఆరు లక్షలు తీసుకున్నాడు. ఆ వైపు అప్పుని అప్పని రాయరు. పొలం అమ్మినట్టు అగ్రిమెంటు రాస్తారు. గడువులోగా సొమ్ము ముట్టజెబితే కాగితం చింపేస్తారు, లేకపోతే రిజిస్ట్రేషన్. గడువు అక్టోబరు ఇరవై.

వెనక గదిలో కడప బండలు పేర్చి సందులు చేశాడు. చెయ్యి ఆనిస్తే చురుక్కుమనేంత వేడిగా ఒక బండని దీపం కింద పెట్టాడు. కాలవ గాలి చెమ్మ లోపలికి రాకుండా కిటికీకి ప్లాస్టిక్ షీటు కొట్టాడు. మునగాకు, తోటకూర, మందార పూలు పెట్టాడు. చలికాలం తగలకపోతే జతకట్టవని హుమాయూన్ చెబితే, డిసెంబరు, జనవరి రెండు నెలలూ ఏసీ నడిపాడు. తొండల సంగతిలో హుమాయూన్ చెప్పింది ఒక్కటి కూడా పొల్లుపోనివ్వలేదు. ఆ విషయం హెప్సిబా కూడా ఒప్పుకుంటుంది.

"మనుషులకి ఫ్యాను, తొండలకి ఏసీ," అనేది ఆవిడ. "నాకూ ఒక తోక పెట్టించండి, ఆ గదిలో పడుకుంటా."

బజారులో అయితే వేళాకోళమే. "యేసూ, ఉడుము కూర ఎప్పుడు పెడుతున్నావ్?" అని.

జూన్‌లో జక్కయ్య ఒకసారి వచ్చి, తన ఆరు లక్షలు ఎక్కడున్నాయో చూపించమన్నాడు. అలికిడికి మగ తొండ బండల సందులోకి దూరింది. జక్కయ్య తోక పట్టుకోబోయాడు.

"లాగకండి జక్కయ్యగారూ. గాలి పీల్చి ఉబ్బి బండల మధ్య బిగుసుకుంటుంది. తోక ఊడొస్తుంది గానీ అది రాదు."

"నువ్వూ అలాగే బిగుసుకుంటావేమోనయ్యా గడువు రోజుకి," అన్నాడు జక్కయ్య, చెయ్యి తువ్వాలుతో తుడుచుకుంటూ.

జూలై ఆరో తేదీ పొద్దున ఒక ఆడ తొండ, గుడ్ల కోసమని గది మూల పెట్టిన తడి ఇసుక తొట్టెలో గుడ్లు పెట్టింది. యేసుకుమార్ వేళ్లతో ఇసుక తవ్వాడు. పదకొండు. పెంకు లేదు, మెత్తటి తోలు సంచుల్లా ఉన్నాయి. ఇరవై రెండేళ్లలో లక్షల గుడ్లు పట్టుకున్నవాడు వాటిని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. తొట్టె పక్కనే నిలబడి హుమాయూన్‌కి ఫోన్ చేశాడు.

"మాషా అల్లా," అన్నాడు హుమాయూన్. "ఎలా ఉన్నవాటిని అలాగే ఎత్తి పెట్టెలో పెట్టన్నా. కదపమాక."

"గుడ్ల సంగతి నాకు చెప్పమాక హుమాయూన్. నువ్వు చిలకలమ్ముకో."

హుమాయూన్ నవ్వాడు. కొట్టుకి ఎవరో వచ్చారని పెట్టేశాడు. అంతే ఆ మాట.

థర్మోకోల్ పెట్టెలో తడి ఇసుక పరిచి, చిన్న బల్బు పెట్టి, ముప్పై ఒక్క డిగ్రీల దగ్గర ఆగేలా కట్టాడు. తర్వాత పెన్సిలు తీసుకున్నాడు. హేచరీలో కరెంటు పోయి మిషన్ ఆగినప్పుడు ఏం చేసేవాళ్లో అదే చేశాడు. ప్రతి గుడ్డుకీ ఒక వైపు గీత, రెండో వైపు సున్నా. పొద్దున గీత పైకి, మధ్యాహ్నం సున్నా పైకి, పడుకునే ముందు మళ్లీ గీత పైకి. తిప్పని గుడ్డులో పిల్ల పెంకుకి అతుక్కుని చస్తుంది. అది అతనికి పాఠం కాదు, అలవాటు. అన్నం కలిపే చేతికి ఎవరూ చెప్పనక్కర్లేదు కదా.

వారం దాటాక గుడ్డు వెనక ఫోన్ లైటు పెట్టి చూస్తే ఎర్రటి దారాలు కనిపించాయి. హెప్సిబాని పిలిచి చూపించాడు. ఆవిడ చేతులు జోడించింది. ఆ ఆదివారం చర్చిలో పదకొండు పది రూపాయల నోట్లు వేసింది.

ఇరవయ్యో రోజున ఒక గుడ్డు సొట్టపడింది. ఇరవై ఆరో రోజుకి మరొకటి పచ్చగా బూజు పట్టింది. వేడి తగ్గిందేమోనని బల్బు మార్చాడు. చెమ్మ ఎక్కువైందేమోనని ఇసుక మార్చాడు. తిప్పడం మాత్రం ఒక్క పూట కూడా తప్పించలేదు. ముప్పై మూడో రోజున మూడోది పోయింది. ఆ రోజు మిగతావాటిని లైటు మీద పెట్టి చూశాడు. దారాలు లేవు. వాటి చోట గుండ్రంగా ఒక ఎర్రటి గీత. హేచరీలో ఆ వలయం కనపడిన గుడ్డుని రెండోసారి చూడరు, డబ్బాలో పడేస్తారు. యేసుకుమార్ లైటు ఆపేసి, వీటి తీరు వేరేమోలే అనుకున్నాడు. అనుకుని మళ్లీ తిప్పాడు.

ఆగస్టు పదహారున హుమాయూన్ వస్తానన్నాడు. గుడ్లు చూసి సగం సొమ్ము ముందే ఇస్తానన్నాడు. ఆ సొమ్ము తన కళ్లముందే చేతులు మారాలని జక్కయ్య కూడా వచ్చి కూర్చున్నాడు. హెప్సిబా టీ ఇచ్చింది. గదిలో ఉక్కగా ఉంది. జక్కయ్య తువ్వాలుతో విసురుకుంటున్నాడు.

హుమాయూన్ పెట్టె మూత తీశాడు. ఒంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ గీతలేంటన్నా?"

"గుర్తు."

"దేనికి?"

"ఎటు తిప్పానో తెలియాలిగా."

హుమాయూన్ ఒక గుడ్డుని వేలితో ముట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"రోజుకి ఎన్నిసార్లు?"

"మూడు."

"మొదటి రోజు నుంచీనా?"

"మొదటి రోజు నుంచే. ఎందుకు?"

"అది కోడి కాదన్నా. కోడిగుడ్డులో పిల్ల అతుక్కుంటే చస్తుంది. దీంట్లో అతుక్కుంటేనే బతుకుతుంది. పెట్టిన మర్నాటికల్లా పైభాగాన పట్టుకుంటుంది. బోర్లిస్తే ఉన్నచోటే మునిగిపోతుంది." గొంతు తగ్గించాడు. "కదపమాకని చెప్పానుగా."

"చెప్పావా? అదా చెప్పడం? ఎందుకు కదపకూడదో చెప్పావా?"

"చెప్పనిచ్చావా అన్నా?"

 జక్కయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

"అసలేమైందో నాకు అర్థమయ్యేట్టు చెప్పండయ్యా," అన్నాడు.

హుమాయూన్ ఫోన్ లైటు వేశాడు. ఒక్కో గుడ్డూ దాని మీద పెట్టాడు. హెప్సిబా గుమ్మంలో నిలబడి, ప్రతిసారీ ఒకటే అడిగింది. "ఇదీ అంతేనా?" మొదట్లో హుమాయూన్ తల ఊపాడు. అయిదోదాని తర్వాత ఊపడం కూడా మానేశాడు. యేసుకుమార్ అసలు అటు చూడలేదు. ముప్పై మూడో రోజునే చూసేశాడు.

"జక్కయ్యగారూ, ఒక్క ఏడాది ఆగండి," అన్నాడు చివరికి. "తొండలు గదిలోనే ఉన్నాయి. వచ్చే జూలైకి రెండూ పెడతాయి. ఇప్పుడు తెలిసింది కదా."

"నీకు తెలియడానికి నా ఆరు లక్షలు పట్టాయి," అన్నాడు జక్కయ్య లేస్తూ. "ఇంకో సంగతి తెలియడానికి ఇంకెంత పడుతుందో. అక్టోబరు ఇరవయ్యో తారీకు రిజిస్ట్రేషన్‌కి ఆధార్ కార్డు తెచ్చుకో."

అక్టోబరు పన్నెండున హెప్సిబా గది ఊడుస్తూ పిలిచింది. కేకేం కాదు, మామూలుగానే పిలిచింది. ఇసుక తొట్టె అంచున చిటికెన వేలంత తొండ పిల్ల, ఒళ్లంతా పసుపు చారలతో, తల ఎత్తి చూస్తోంది. యేసుకుమార్ ఇసుకలో చెయ్యి పెట్టి వెతికాడు. మూలకి, రెండు జానల లోతున, చీలిపోయిన మెత్తటి తోలు సంచి ఒకటి దొరికింది. ఆ రోజు అతని వేళ్లకి అందని పన్నెండో గుడ్డు. మూడు నెలలు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ వేడి చూడలేదు. పెన్సిలు మరక లేదు.

పిల్ల అతని వేళ్లని చూసి బెదిరి బండల సందులోకి దూరింది. కాస్తంత ఒళ్లుని గాలితో నింపుకుని బిగుసుకుంది.

"దేవుడిచ్చాడు," అంది హెప్సిబా.

"ఒక్కటి ఇచ్చాడు," అన్నాడతను.

హుమాయూన్ మాట తప్పలేదు. ఎనభై వేలు తెచ్చి చేతిలో పెట్టి, పెద్ద తొండల్ని కూడా లక్షన్నరకి వెనక్కి తీసుకుంటానన్నాడు. ఆ సొమ్ము తీసుకుని జక్కయ్య ఇంటికి వెళ్తే ఆయన లెక్కపెట్టకుండానే వెనక్కి ఇచ్చాడు. "అగ్రిమెంటులో ముక్కలుగా ఇస్తానని రాయలేదు," అన్నాడు.

ఇరవయ్యో తేదీ పదకొండింటికి రిజిస్ట్రార్ ఆఫీసు బయట వేపచెట్టు కింద డాక్యుమెంట్ రైటర్ దస్తావేజు చదివి వినిపించాడు. కంకిపాడు గ్రామం. తూర్పు పంటబోదె, పడమర కొనుగోలుదారు చేను, ఉత్తరం డొంక, దక్షిణం మరొకరి మెట్ట. యేసుకుమార్ సంతకం పెట్టి, వేలిముద్ర వేశాడు. సిరా తుడుచుకోవడానికి కాగితం ఇస్తే తీసుకోలేదు. హద్దుల నడుమ ఉన్నది, పుల్లయ్య కొన్నది, మాగాణి పద్నాలుగు సెంట్లు.