ఐదో పాట ఉన్న చోటు

నేను ఒక పాటల క్యాసెట్‌ని. అట్ట మీద ఎనిమిది పాటల పేర్లున్నాయి, నాలో ఏడే ఉన్నాయి. అట్టను నమ్మాలో నన్ను నేను నమ్మాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నన్ను పాడినవాడు విశాఖపట్నం జాలరిపేటలో పుట్టిన గనగళ్ళ పోలారావు. రేవుకొచ్చే ఓడల వాళ్ళ దగ్గర జమైకా రెగే పాటలు విని, ఆ తీరులో తెలుగు పాటలు కట్టాడు. మొదటి రెండు ఆల్బమ్‌లూ ఎవరికీ పట్టలేదు. తాళం దెబ్బ పడాల్సిన చోట పడటం లేదన్నారు. నేను మూడోదాన్ని.

ఐదో పాట అతని అన్న అమ్మోరయ్య మీద. తుఫానులో వేటకెళ్ళిన అమ్మోరయ్య తిరిగి రాలేదు. "దరికి రారా అన్నా" అనే చోట పోలారావు గొంతు జీరబోయింది. మళ్ళీ పాడతానన్నాడు. రికార్డింగ్ చేస్తున్న విక్టర్ ఒప్పుకోలేదు.

"ఇదే ఉండనీ" అన్నాడు.

ఆ పాటతోనే పోలారావు పేరు మోగిపోయింది. నా తోటి క్యాసెట్లు ఆటోల్లో, టీ కొట్లలో అరిగిపోయాయి. మొదటి విడతలోంచి నన్ను తీసి, ఒక టేప్ రికార్డరు కూడా కొని, అమ్మోరయ్య భార్య నీలమ్మకు ఇచ్చాడు. ఆమె రోజూ ఆ ఒక్క పాటే వినేది.

ఒక సాయంత్రం ఆ వీధిలో పెళ్ళి ఊరేగింపు వెళ్ళింది. బ్యాండు వాళ్ళు ఐదో పాటే వాయించారు. "దరికి రారా" అన్నప్పుడల్లా జనం ఈలలు వేసి గంతులేశారు. చచ్చిపోయిన మనిషిని పిలుస్తుంటే వీళ్ళకు అంత సంతోషమెందుకో నాకు అంతుపట్టలేదు. నీలమ్మ తలుపు వేసేసింది.

మర్నాడు పొద్దున్నే నా అంచున ఉన్న చిల్లులో కాగితం ఉండ కుక్కింది. అలా చేస్తేనే పాత పాట చెరిపి కొత్తది ఎక్కించడానికి వీలవుతుంది. ఐదో పాట మొదలయ్యే రెండో వైపు తిప్పి, రికార్డు చేసే ఎర్ర మీట నొక్కి, పక్కన కూర్చుని చేపలు కోసుకుంది. మాటా పలుకూ లేదు. కోస్తున్నంతసేపూ ఆ పాట రాగమే సన్నగా తీసింది. రాగం ముగియగానే మీట ఆపింది.

నెల తర్వాత పోలారావు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో సన్మానం శాలువా. తన పాట వదినకు తనే వినిపిద్దామని నన్ను పెట్టాడు. నాలోంచి కత్తిపీట చప్పుడు వినిపించింది.

"వదినా, పాటేదీ?"

"తుడిసీసినాను."

"ఏం, బాగోలేదా?"

"బాగుంది గనకే గదా అందరూ ఎగురుతన్నారు. ఆలకి మీ అన్న పాటయిపోనాడు. నాకు ఇంటికాడ మనిసి గావాల. ఏట నుంచొచ్చి గుమ్మంలో తొంగుని కళ్ళు మూసుకోని ఆడు ఇనే సప్పుడు ఇదే."

 ఆరో పాటలో తన గొంతు మొదలవగానే పోలారావు గబుక్కున ఆపేశాడు. నన్ను మళ్ళీ ఆ వైపు మొదటికి తిప్పి మోగించి, శాలువా తీసి పక్కన పెట్టి, గుమ్మానికి అడ్డంగా పడుకుని కళ్ళు మూసుకున్నాడు.

నీలమ్మ కాసేపు చూసింది. తర్వాత ఆ పూట చేపలు తెచ్చుకుని కత్తిపీట ముందు కూర్చుంది. రెండు చప్పుళ్ళూ కలిసిపోయాయి. అందులో నాది ఏదో, ఆమెది ఏదో నాకు తెలియలేదు.